ఎత్తిపోసిన నీళ్లు

మా ఊళ్లో చెరువు నిండితే నిండిందని అనరు, అలుగు దుంకిందని అంటారు. ఆ కబురు మొదట తెచ్చినవాళ్లకు మా నాయినమ్మ దోసెడు బియ్యం పెట్టేది. దాదాపు ప్రతిసారీ ఆ బియ్యం చెరువును కాసే నీరడి తాతవే. తెల్లారకముందే, మోకాళ్ల దాకా బురదతో, లాంతరు ఇంకా ఆర్పకుండా వచ్చి మా వాకిలి బయట నిలబడి, "దొరసానీ, దుంకింది" అనేవాడు. అంతే. మేం పిల్లలం నిద్ర కళ్లతోనే చెరువు దిక్కు ఉరికేవాళ్లం.

తాత అని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు అట్లా పిలవలేదు. ఆరేళ్ల పిల్లను నేను, అరవై దాటిన ఆయన్ను పేరు పెట్టి "ఒరేయ్" అనేదాన్ని. ఆయన నన్ను "అమ్మా" అనేవాడు. ఇది తప్పు అని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు, వాళ్లూ అట్లాగే పిలిచేవాళ్లు కాబట్టి.

మాది నల్లగొండ జిల్లా, మునుగోడు వైపు ఒక పల్లె. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వాళ్లు రెండు పంటలు తీస్తుంటే, మిట్ట మీద ఉన్న మాకు చెరువే దిక్కు. 1955 డిసెంబర్ 10న సాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేసిన రోజు మా తాత కూడా చూడటానికి పోయాడట. తిరిగొచ్చి, "మన దిక్కు నీళ్లు ఎక్కయంట" అని చెప్పి పశువులకు మేత వేయడానికి పోయాడట. ఆ మాట మా ఇంట్లో చాలా ఏళ్లు తిరిగింది.

చెరువు నీళ్లను పొలాలకు పారించే మనిషిని మా దిక్కు నీరడి అంటారు. తూము ఎప్పుడు తెరవాలి, ఎంత తెరవాలి, ఏ మడికి ముందు, ఏ మడికి వెనక, అన్నీ ఆయనకే తెలుసు. పెత్తనం మాత్రం పటేలుది. వానాకాలం రాత్రుళ్లు ఆయన కట్ట మీదే పడుకునేవాడు. ఎండ్రికాయలు కట్టకు బొక్కలు పెడతాయి, పందికొక్కులు తోడతాయి. చూస్తే వేలెడంత బొక్కే. ముందు చెమ్మ దిగుతుంది, తర్వాత ఊట పెడుతుంది, పట్టించుకోకపోతే తెల్లారేసరికి గండి. ఆయన చెప్పుల్లేని కాళ్లతో కట్ట వెనక వాలు మీద మెల్లగా నడుస్తూ, అరికాలికి చల్లగా తగిలిన చోట ఆగేవాడు. లాంతరు చేతిలో ఉన్నా వెతికేది కాలితోనే. బొక్క దొరికితే వరిగడ్డిని బంకమట్టిలో తొక్కి ముద్ద చేసి, లోపలికి కుక్కి, మడమతో దట్టించేవాడు. గడ్డి లేకుండా ఉత్త మట్టి పెడితే ఎండకు పగులుతుందట, నీళ్లు మళ్లీ దారి చేసుకుంటాయట.

ఇవన్నీ నాకెట్లా తెలుసంటే, ఆయన మనవరాలు నా దోస్తు. మాదిద్దరిదీ ఒకటే ఈడు. బడి అయిపోగానే ఇద్దరం ఆయన వెనక కట్ట మీద తిరిగేవాళ్లం. కట్ట మీద ఉన్నంతసేపూ ఆమె నన్ను "ఏమే" అనేది. ఊళ్లోకి రాగానే, మా ఇంటి సందు మలుపులో, ఎవరో మీట నొక్కినట్టు "అమ్మా" అయ్యేది. ఆ మలుపు దగ్గర ఒక చింతచెట్టు ఉండేది. ఇప్పటికీ చింతచెట్టు చూస్తే నాకు ఆ "అమ్మా" వినిపిస్తుంది.

వానలు సరిగ్గా పడని ఏడు యాసంగికి తైబందీ పెట్టేవాళ్లు. చెరువులో ఉన్న నీళ్లను బట్టి ఆయకట్టులో ఈసారి ఇంత భూమికే నాట్లు అని పెద్దలు కూర్చుని తేల్చేది. ఎవరూ దాటేవాళ్లు కాదు. ఆ కట్టుబాటును తలచుకుంటే నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది, దాన్ని తక్కువ చేయను. ఎండాకాలం చెరువు ఎండితే బండ్లు కట్టి పూడికమట్టి తోలుకునేవాళ్లు. నల్లటి ఆ మట్టి చేన్లకు బలం, చెరువుకు లోతు. మొదటి బండి మట్టి తీసే ముందు కట్ట మైసమ్మకు కొబ్బరికాయ కొట్టేవాళ్లు.

పంట కల్లంలో నీరడి వంతు గింజలు కొలిచేవాళ్లు, దాన్ని మేర అంటారు. ఒక ఏడు మా తాత కొలుస్తుంటే పక్కనే ఉన్నాను. అందరి వంతులూ అయ్యాక అడుగున మిగిలిన పొల్లు గింజలు కలిపి ఆయనకు కొలిచాడు. నీరడి తాత తువ్వాల పరిచి పట్టుకున్నాడు, ఒక్క మాట అనలేదు. ఏడాదంతా రాత్రింబవళ్లు చెరువు కాసిన మనిషికి అది మేర.

చెరువు కట్ట కింద ఊరి మంచినీళ్ల బావి. చెరువు ఊట లోపల్లోపల దిగి ఆ బావిలోకి వచ్చేది. తియ్యటి నీళ్లు. ఆ నీళ్లతో పప్పు ఇట్టే ఉడికేది. గిరకకు చేంతాడు వేసి ఊళ్లో ఆడవాళ్లు పొద్దున్నే చేదుకునేవాళ్లు. దళిత వాడ నుంచి వచ్చిన ఆడవాళ్లు మాత్రం బావికి ఇరవై అడుగుల దూరంలో బండ మీద కుండలు పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఎవరైనా దయతలిచి చేది పోయాలి. వాళ్ల కుండకు మా బొక్కెన తగలకూడదు కాబట్టి పైకెత్తి పోయాలి. మా నాయినమ్మ ఎత్తి పోస్తుంటే సగం కుండలో పడేవి, సగం బండ మీద. నా దోస్తు వాళ్లమ్మతో వచ్చి ఆ బండ మీద కూర్చునేది. అక్కడ నన్ను చూసి నవ్వేది కాదు, నేనూ నవ్వేదాన్ని కాదు. సాయంత్రం కట్ట మీద కలిస్తే ఆ సంగతే ఎత్తేవాళ్లం కాదు.

ఆ బావిలోకి నీళ్లు రావడానికి కారణమైన చెరువును కాసేది ఆమె తాత.

మా పొలం బావి మీద మోట ఉండేది. మోటకు తోలు కుట్టేది కూడా వాడవాళ్లే. ఎడ్లు దిగుతుంటే తోలుసంచి పైకొచ్చి తొండంలోంచి నీళ్లు దబదబా పడేవి. మేం దోసిలి పట్టి తాగేవాళ్లం. వాళ్ల చేతులు కుట్టిన తోలులోంచి వచ్చే నీళ్లు మాకు పనికొచ్చాయి. వాళ్ల కుండ తగిలితే మాత్రం బావి మైలపడేది. ఈ సంగతి నాకు నలభై ఏళ్లు దాటాక గాని తట్టలేదు.

1983లో నాయినకూ చిన్నాయినకూ పంపకాలయ్యాయి. ఇల్లు, పొలం, పశువులు పంచుకున్నారు గానీ బావిని పంచలేరు కదా. అది పొత్తుల బావి అయింది. మూడు రోజులు మాకు, మూడు రోజులు వాళ్లకు. అప్పటికి మోట పోయి కరెంటు మోటరు వచ్చింది. మా వంతు రోజున కరెంటు పోతే ఆ రోజు మాకు పోయినట్టా, వాళ్ల రోజుల్లోంచి ఇవ్వాలా అని గొడవ. కొన్నాళ్లు మాట్లాడుకోవడం మానేశారు. చివరికి చిన్నాయిన, "నాకెవని దయా అక్కర్లేదు" అని బోరు వేయించాడు. ఏడాది తిరగకుండా నాయినా వేయించాడు.

బోరు బండి ఊళ్లోకి వస్తే జాతర వచ్చినట్టే. పాయింట్ చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగేవాడు. అది లేచి నిలబడిన చోట బండి పెట్టేవాళ్లు. కొబ్బరికాయ కొట్టి మొదలుపెడితే ఊరంతా చుట్టూ మూగేది. నీళ్లు పడితే "రెండించులు పడ్డయి" అని ఒకటే ఆనందం. పడకపోతే తెల్లటి రాతిదుమ్ము లేచేది, జనం ఒక్కొక్కరే చప్పుడు లేకుండా జారుకునేవాళ్లు. చిన్నాయిన మొదటి బోరుకు నూట ఇరవై అడుగుల్లో నీళ్లు పడ్డాయి. 2000 వచ్చేసరికి నాలుగు వందలు దాటినా నమ్మకం లేదు. పొత్తుల బావి ఎప్పుడు ఎండిందో ఎవరికీ గుర్తు లేదు, అప్పటికి అందులోకి తొంగిచూసే పని ఎవరికీ లేదు.

అప్పట్లో పిల్లనియ్యాలంటే "చెరువు కింద ఎంత పొలముంది?" అని అడిగేవాళ్లు. నాకు పెళ్లి సంబంధాలు చూసే రోజులకు "బోర్లెన్ని?" అని అడగడం మొదలైంది. ఆముదం, జొన్న చేన్లున్న మా నాయినకు బత్తాయి తోట పెట్టాలన్న కోరిక పుట్టింది కూడా అట్లాగే. తోట ఉన్నవాడంటే ఊళ్లో ఒక లెక్క. బత్తాయికి మాత్రం ఎండాకాలం కూడా తడి ఆగకూడదు. అది మా మిట్ట చేన్లకు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకో బోరు నుంచి. మా జిల్లాలోనే ముషంపల్లిలో జనం కంటే బోర్లే ఎక్కువని పేపర్లలో వచ్చింది. బోరుకు అనుమతి కావాలని 2002లో వాల్టా చట్టం తెచ్చారు, 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. మా ఊరి వాళ్లకు ఆ రెండింటిలో రెండోదే తెలుసు. రైతు కష్టం చూసినదాన్ని, ఉచిత కరెంటును నేను తప్పు పట్టను. కానీ తైబందీకి కూర్చున్న పెద్దల కొడుకులే పక్కవాడి బోరు కంటే యాభై అడుగులు లోతుకు దించాలని పోటీపడ్డారు. అది నా కళ్లతో చూశాను.

ఇక వాడ సంగతి. 1980ల మొదట్లో సర్కారు వాడలో బోరు దించి చేతిపంపు వేసింది. ఆ రోజు నా దోస్తు ముఖం నేను మరిచిపోలేను. పంపుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశారు. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని కొడుతూనే ఉంది. బిందె నిండి పొర్లినా ఆపలేదు. "ఎంతసేపు కొట్టినా ఎవరూ ఏమనరే" అంది నాతో, చింతచెట్టు ఇవతల నిలబడి కూడా "ఏమే" అన్న లెక్కలోనే. బండ మీద కూర్చుని ఎదురుచూసే పని ఆ రోజుతో పోయింది. ఆ సంతోషాన్ని అర్థం చేసుకోనివాళ్లు "బోర్లు వచ్చి కొంప ముంచాయి" అని మాట్లాడితే నాకు కోపం వస్తుంది.

ఆ పంపు నీళ్లే వాళ్ల ఎముకల్లో దిగాయి.

మా దిక్కు నేల కింద గ్రానైట్ రాయి. ఆ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటాయి. పైపైన చెరువు ఊటతో నిండే నీళ్లు తిరిగి తిరిగి కొత్తవవుతుంటాయి, వాన నీళ్లు కలిసి పలచబడతాయి. లోతుల్లో రాతి పగుళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు రాయిని కరిగించుకుంటాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావని లెక్క. రంగుండదు, వాసనుండదు, నాలుకకు తెలియదు. బోర్లతోనే ఈ జబ్బు పుట్టిందని కూడా చెప్పకూడదు. 1940లలో, నిజాం కాలంలోనే మా జిల్లాలో దీన్ని గుర్తించారు. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి నీళ్లను తేర్చే పద్ధతి కనిపెట్టి దానికి "నల్లగొండ టెక్నిక్" అని పేరు పెట్టారు. మా జిల్లా పేరు అట్లా దేశాలు దాటింది. మా వాడలో పంపు దగ్గరికి మాత్రం ఆ పటికా సున్నమూ రాలేదు.

ముందు పిల్లల పళ్ల మీద పసుపు గీతలు పడ్డాయి. తర్వాత మోకాళ్లు. తర్వాత నడుములు వంగి మళ్లీ లేవలేదు. ఇట్లాంటి ఊళ్లకు పిల్లనివ్వడానికి బయటివాళ్లు వెనకాడేవాళ్లు. ఊళ్లో మేం కట్ట కింది బావి నీళ్లే ఇంకా పదిహేనేళ్లు తాగాం. నా పళ్లు బాగానే ఉన్నాయి. హైదరాబాద్‌లో డెంటిస్టు, "మీది నల్లగొండేనా మేడం?" అని ఆశ్చర్యపోయాడు. ఆయనకు ఏం చెప్పాలో తోచలేదు. ఇరవై అడుగుల అవతల బండ ఉండేదని ఎట్లా చెప్పను?

మొన్న మా బంధువుల పెళ్లిలో, నీళ్ల సీసాలు కుప్పలుగా పడి ఉన్న చోటే నిలబడి ఒక పెద్దాయన, "పాత రోజుల్లో మనం ప్రకృతితో కలిసి బతికినం, ఇప్పుడే ఆశ పెరిగి పాడు చేసుకున్నం" అన్నాడు. అందరూ తలలూపారు. నేనూ సగం ఊపాను. మిగిలిన సగం కోసమే ఇది రాస్తున్నాను. మా చెరువు ఆశతో ఒక్కదానితోనే పోలేదు. చెరువు నీళ్లు మావి, చెరువు పని మాత్రం వాళ్ల కులం పని అనుకున్నాం. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది. నీరడి తాత కొడుకు ఆ పొల్లు గింజల మేర నాకొద్దని హైదరాబాద్‌కు తాపీ పనికి పోయాడు. మంచి పని చేశాడు. అప్పుడైనా మేం కట్ట ఎక్కాలి కదా, మాలో ఒక్కరం ఎక్కలేదు. బురదలో కాలు పెట్టి బొక్క వెతకడం మా పని అని ఎవరికీ తోచలేదు. దానికంటే మాకు బోరు సులువనిపించింది. సర్కారు కాగితాల్లో నీరళ్లు గ్రామ సేవకులయ్యారు, గ్రామ రెవెన్యూ సహాయకులు, అంటే వీఆర్ఏలయ్యారు, 2023లో వేరే వేరే శాఖల్లో సర్దుబాటయ్యారు. మా ఊళ్లో తూము మాత్రం తుప్పు పట్టింది.

యూరియా, డీఏపీ బస్తాలు వచ్చాక పూడికమట్టి తోలడం ఆగింది. చెరువులో సర్కారు తుమ్మ మొలిచి అడవైంది. వాగులో ఇసుకను ట్రాక్టర్లు ఎత్తుకుపోయాయి. చెరువు లోపలి శిఖం భూమిలో కొంత ఎవరి పట్టాలోకో పోయింది. బతుకమ్మకు గునుగు పువ్వు కూడా కొనుక్కునే రోజులొచ్చాయి. జొన్నచేన్లలో దానంతటదే మొలిచేది అది. పత్తి వచ్చి, గడ్డిమందు వచ్చాక చేన్లో ఏముంటుంది? ఎండిన చెరువులో బతుకమ్మను వేయలేక ఒక ఏడు ట్యాంకరు నీళ్లు తెచ్చి గుంతలో పోశారు. ఆ ఏడు నేను పాట పాడలేకపోయాను.

మంచి జరగలేదని అనను. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ పెట్టారు. కొన్నాళ్లకు వాడకూ ఊరికీ ఒకటే పైపు, ఒకటే కృష్ణా నీళ్లు వచ్చాయి. అదే ఏడు మొదలైన మిషన్ కాకతీయలో మా చెరువు తుమ్మ పీకి, పూడిక తీసి, కట్ట వెడల్పు చేశారు. తూముకు కొత్త షట్టర్ బిగించారు. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఒకరు ఇంకొకరి పేరు చెప్పారు.

2020 అక్టోబర్‌లో ఆ పెద్దవాన పడ్డ తర్వాత బతుకమ్మకు ఊరికి పోయాను. చాలా ఏళ్లకు అలుగు దుంకుతోంది. జనం ఫోన్లతో ఫొటోలు తీసుకుంటున్నారు. నేనూ తీసుకున్నాను. అక్కడి నుంచి నా దోస్తు ఇంటికి పోయాను. మేనబావనే చేసుకుని ఊళ్లోనే ఉండిపోయింది. నా ఈడుదే, నాకంటే ఇరవై ఏళ్లు పెద్దదానిలా ఉంటుంది. మోకాళ్లు వంగవు, మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరగాలి. నన్ను చూసి నవ్వి, "ఎప్పుడొచ్చినవే?" అంది. ఫొటోలు చూపించాను. ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. అలుగు వైపు ఫొటోలు కావట, కట్ట వెనక వాలు తీసినవా అని అడిగింది.

"తియ్యలే."

"వాలు చూసొచ్చినవా? ఎండ్రికాయల బొక్కలున్నయా?"

చూడలేదన్నాను. అసలు నాకు తోచనే లేదు. ఆమె కాసేపు ఆగి, "తూముకు ఎడమ పక్క, పాత ఈతచెట్టు మొదలుండె గద, ఆడ మన్ను మెత్తగుంటది. తాత ఎప్పుడూ ఆడనే ముందు చూసేటోడు. కొత్త మన్ను పోసిండ్రు గని గట్టిగ దిమ్మిస కొట్టలే. చెప్పులిడిసి పో. చెప్పులతోటి తెల్వదు" అంది.

మర్నాడు తెల్లారకముందే పోయాను. ఈతచెట్టు లేదు, దాని మొదలు కూడా లేదు, కానీ చోటు నా కాళ్లకు గుర్తుంది. చెప్పులు విడిచి వాలు మీద నడిచాను. పది అడుగులు వేశాక అరికాలికి చల్లగా తగిలింది. వేలెడంత బొక్క, పక్కన ఇంకోటి, రెండింటి చుట్టూ మన్ను నల్లగా తడిసి ఉంది. కింద పొలంలోంచి రెండు గుప్పిళ్ల వరిగడ్డి తెచ్చి బంకమట్టిలో వేసి తొక్కడం మొదలుపెట్టాను.